వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగష్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడు. 1912 నుండి మరణించే వరకు డోర్నకల్ అధ్యక్ష ఖండానికి బిషప్పుగా పనిచేశాడు. పుట్టుకతో తమిళుడైనా తన జీవితంలో అధిక భాగాన్ని తెలుగు గ్రామాలలోనే గడిపాడు. వేరు వేరు శాఖలుగా చీలిన క్రైస్తవ సంఘాలను ఏకం చేయడానికి పాతికేళ్ళకు పైగా కృషి చేసి, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పాటుకు పునాది వేసినవారిలో ముఖ్యుడిగా పేరు పొందాడు.

బాల్యం, విద్య

అజరయ్య తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వెళ్ళాలన్‌విళై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ గురువు. తల్లి పేరు ఎలెన్. చిన్ననాటనే తండ్రి మరణించగా తల్లి పెంపకంలో పెరిగాడు. ఉన్నత విద్యకై మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరాడు కాని పట్టా పొందలేదు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు.

వై.ఎం.సి.ఎ., స్వదేశీ మిషన్లు

1895 నుండి 1909 వరకు అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతటా పర్యటించాడు. ఆ సంస్థలో అన్ని శాఖలవారూ కలిసి ప్రార్థించేవారు, కలిసి పనిచేసేవారు. అమెరికా దేశస్థుడైన షేర్వుడ్ ఎడ్డీతో ఆయనకు ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. శాఖాభేదాలు పనికి అడ్డు కానక్కరలేదన్న నమ్మకం ఆయనకు ఈ కాలంలోనే బలపడింది.

1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనంతో సువార్త పని నడుపుతుండటం చూశాడు. ఆ స్ఫూర్తితో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించాడు. ఈ సంస్థ తన పనికి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎన్నుకొంది. 1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. వివిధ శాఖల భారతీయ క్రైస్తవులు కలిసి స్థాపించిన ఈ సంస్థలో అజరయ్య, కె.టి.పాల్ ప్రముఖ పాత్ర వహించారు.

డోర్నకల్, ఎడింబరో

1909లో అజరయ్య ఉద్యోగాన్ని వదలి, గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరాడు. తెలుగు నేర్చుకొన్నాడు. మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సంచలనం కలిగించింది. విదేశీ మిషనరీలు ధనాన్ని, శ్రమను, చివరకు ప్రాణాలను సైతం ధారపోస్తున్నా భారతీయ సహచరులను సమానులుగా, స్నేహితులుగా చూడటం లేదన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరు నొచ్చుకొన్నారు. సంఘాల మధ్య ఐక్యత కన్న ముందు మనుషుల మధ్య సమానత్వం ఉండాలన్న ఈ భావమే ఆయన తరువాతి కృషికి మూలమయింది.

బిషప్పుగా

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ప్రోత్సాహంతో డోర్నకల్ ప్రత్యేక అధ్యక్ష ఖండంగా ఏర్పడింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. మొదట చిన్నదిగా ఉన్న ఈ ఖండంలోకి తరువాత కృష్ణా, కర్నూలు ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడా చేరాయి.

ఆయన కాలంలో క్రైస్తవులైనవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. ఈ రెండు కులాలవారు ఒకే గుడిలో కూర్చోవడం, ప్రభువు బల్లలో కలిసి పాలు పొందడం ఆనాడు సులభమైన విషయం కాదు. అజరయ్య ఎడ్లబండి మీద ఊరూరా తిరుగుతూ ఈ విషయంలో రాజీ లేకుండా బోధించాడు. డోర్నకల్‌లో ఆయన నిర్మింపజేసిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. హిందూ, ముస్లిం, క్రైస్తవ వాస్తు రీతులు మూడూ ఇందులో కలిసి కనిపిస్తాయి.

తరంగంబాడి సమావేశం

మిషన్లు పోటీ పడకుండా ప్రాంతాలను పంచుకోవడం వలన తెలుగు దేశంలో గుంటూరు చుట్టుప్రక్కల లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలలో బాప్టిస్టులు, మెదక్ ప్రాంతంలో మెథడిస్టులు, బందరు ప్రాంతంలో ఆంగ్లికన్లు ఏర్పడ్డారు. ఒక కుటుంబం ఏ శాఖకు చెందేదీ అది నివసించే ఊరిని బట్టి నిర్ణయమయ్యేది. ఐరోపాలో ఎప్పుడో జరిగిన తగాదాలను ఇక్కడి గ్రామస్థులు మోయవలసి రావడం అజరయ్యకు అన్యాయంగా తోచింది.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సంఘ సేవకులు సమావేశమయ్యారు. వీరిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అధ్యక్షత వహించాడు. ప్రార్థన, చర్చల అనంతరం వారు ఒక ప్రకటన వెలువరించారు. బైబిలు, అపొస్తలుల మరియు నైసీయ విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, బిషప్పుల వ్యవస్థ అనే నాలుగింటిని ఆధారంగా చేసుకొని ఆంగ్లికన్లు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఒకటి కావాలని ప్రతిపాదించారు. రెండవది ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి 1908లో ఏర్పరచుకొన్న సంఘం.

సుదీర్ఘ చర్చలు

1920లో సంయుక్త సంఘం చర్చలు ప్రారంభించింది. 1925లో మెథడిస్టులు కూడా చేరారు. ఐక్యతా పథకం మొదటి ప్రతి 1929లో వెలువడింది. అసలు చిక్కు గురువుల అభిషేకం దగ్గర వచ్చింది. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందనివారిని గురువులుగా అంగీకరించడానికి ఆంగ్లికన్లలో పలువురు సిద్ధంగా లేరు. మళ్ళీ అభిషేకం పొందడమంటే ఇన్నేళ్ళ తమ సేవను తామే తక్కువ చేసుకోవడమని ఇతర శాఖలవారు భావించారు. చివరకు అప్పటికే ఉన్న గురువులందరినీ యథాతథంగా స్వీకరించాలని, ఐక్యత తరువాత జరిగే అభిషేకాలన్నీ బిషప్పులే చేయాలని మధ్యేమార్గం కుదిరింది.

1927లో స్విట్జర్లాండులోని లాసాన్ మహాసభలో అజరయ్య ఈ విషయాన్ని ప్రస్తావించాడు. క్రైస్తవ దేశాలలో చీలికలు బలహీనత మాత్రమే కావచ్చునని, ఇతర దేశాలలో మాత్రం అవి పాపమని ఆయన వాదించాడు. 1929 నుండి నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు.

రాజకీయ అభిప్రాయాలు

భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గాలు ఉండరాదని అజరయ్య అభిప్రాయం. సంఘం అన్ని కులాలవారినీ కలిపేదిగా ఉండాలే గాని మరొక కులంగా మారరాదని ఆయన తలచాడు. అయితే దళితుల మతమార్పిడి విషయంలో 1930లలో మహాత్మా గాంధీతో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయాలు ఏర్పడ్డాయి.

మరణం, ఐక్య సంఘం

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించాడు. మెథడిస్టులు 1943లో, ఆంగ్లికన్లు 1945లో, దక్షిణ ఇండియా ఐక్య సంఘం 1946లో పథకాన్ని ఆమోదించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. సుమారు 10 లక్షల మంది సభ్యులతో ఏర్పడిన ఈ సంఘంలో, బిషప్పులు గల సంఘం, బిషప్పులు లేని సంఘాలు ఒకటి కావడం ప్రపంచ క్రైస్తవ చరిత్రలో విశేషంగా భావించబడుతుంది.

అయితే ఆయన ఆశించిన ఐక్యత సంపూర్ణంగా నెరవేరలేదు. లూథరన్లు, బాప్టిస్టులు ఐక్య సంఘంలో చేరలేదు. ఆయన స్వంత అధ్యక్ష ఖండంలోని నంద్యాల ప్రాంత సంఘాలలో చాలా భాగం సైతం 1947లో వెలుపలే ఉండిపోయింది. నంద్యాల అధ్యక్ష ఖండం 1975లో గాని దక్షిణ ఇండియా సంఘంలో భాగం కాలేదు. డోర్నకల్ ఇప్పుడు తెలంగాణ రాష్ట్రంలోని మహబూబాబాదు జిల్లాలో ఉంది. ఇంగ్లండు సంఘం జనవరి 2వ తేదీన అజరయ్యను స్మరించుకొంటుంది.