క్షణాన్ని పలక మీద పరిచిన జాన్సెన్



ఈ నెల మీకు పరిచయం చేస్తున్నది ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్‌ను. ఆయనకు పేరు తెచ్చిన పని జరిగింది మన రాజమహేంద్రవరానికి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న గుంటూరులో.

జాన్సెన్ 1824లో పారిస్‌లో పుట్టారు. చిన్నతనంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితాంతం కుంటుతూనే నడిచారు. అందరు పిల్లల్లా బడికి వెళ్లే అవకాశం కూడా దక్కలేదు. చిన్న వయసులోనే బ్యాంకులో పనికి చేరారు. ఆ తర్వాత పట్టుదలగా చదువుకుని 1852లో లెక్కల్లో డిగ్రీ, 1860లో డాక్టరేటు సాధించారు. అప్పటికి ఆయన వయసు 36. పిల్లవాడు ఒక్క సంవత్సరం వెనకబడితేనే మనకు నిద్ర పట్టదు కదా!

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా సాగింది. అది చూడటానికి జాన్సెన్ సముద్రాలు దాటి గుంటూరు వచ్చారు. సూర్యుడు పూర్తిగా కప్పబడింది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో సూర్యుడి అంచున కనిపించిన ఎర్రని జ్వాలలను ఆయన స్పెక్ట్రోస్కోప్‌తో పరిశీలించారు. కాంతిని రంగులుగా విడదీసే పరికరం అది. జ్వాలల వెలుగు కొన్ని గీతలుగా మెరిసింది. అవి మండుతున్న వాయువులని, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ అని తేలింది.

గ్రహణం విడిచింది. మిగతావారికి పని అయిపోయినట్టే. జాన్సెన్‌కు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని. మన కళ్లంలో ధాన్యం సంగతి చూడండి. రాశిని కళ్లమంతా పరిస్తే పొర పలచబడుతుంది. రెండు మూడు కుప్పలుగానే ఉంచితే ఎత్తు తగ్గదు. స్పెక్ట్రోస్కోప్‌లో పగటి వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుని మసకబారుతుంది. జ్వాలల వెలుగు కొన్ని గీతల్లోనే ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. మర్నాడు ఉదయమే చూశారు. కనిపించాయి! అప్పటిదాకా గ్రహణం రోజున కొద్ది నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యాన్ని ఆయన గుంటూరులో వరుసగా 17 రోజులు పరిశీలించారు.

అదే పద్ధతిని ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరులో విడిగా కనుగొన్నారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఎవరు ముందన్న తగాదా లేకుండా ఇద్దరి ముఖాలతోనూ ఒక పతకం ముద్రించారు.

క్షణం జారిపోకుండా పట్టుకోవాలన్న తపన జాన్సెన్‌ను వదల్లేదు. 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటే సమయానికి తుపాకీ చక్రంలా తిరిగే కెమెరా తయారు చేశారు. అది 72 సెకన్లలో 48 ఫోటోలు తీసి, గుండ్రటి పలక చుట్టూ వరుసగా పేర్చేది. అంటే కాలాన్ని చోటుగా మార్చారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది పలక మీద చూసి చెప్పవచ్చు. ఆ బాటలోనే మరే 1882లో సెకనుకు 12 ఫోటోలు తీసే పరికరం చేశారు. తర్వాత సినిమా వచ్చింది.

ఈనాడు శాస్త్రవేత్తలు అట్టోసెకన్లలో ఉండే కాంతి పల్స్‌లను కొలుస్తున్నారు. సెకనును వందకోట్ల ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్లీ వందకోట్ల ముక్కలు చేస్తే ఒక అట్టోసెకను. అంత వేగంగా తెరిచి మూసే కెమెరా లేదు. అందుకే వెలుగును వెలుగుతోనే కొలుస్తారు. ఉదాహరణకు ఒక పద్ధతిలో పల్స్‌ను రెండుగా చీల్చి, అద్దం జరిపి ఒకదాన్ని కాస్త ఎక్కువ దూరం నడిపిస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం పెరిగితే సుమారు 3,300 అట్టోసెకన్లు ఆలస్యం. రెండూ ఒకేసారి తగిలితే ప్రభావం ఎక్కువ, ఆలస్యం పెరిగేకొద్దీ తక్కువ. ఆ తేడాను బట్టి పల్స్ నిడివి లెక్కిస్తారు. ఇక్కడా కాలం దూరంగా మారింది, చూశారా? ఈ రంగంలో కృషికి 2023లో ఫిజిక్స్ నోబెల్ అగస్తీనీ, క్రౌస్, లూలియే పొందారు.

అన్నీ ఫలించాయనుకోకండి. 1870లో శత్రువులు చుట్టుముట్టిన పారిస్ నుంచి జాన్సెన్ బెలూన్‌లో బయటపడి, గ్రహణం చూడటానికి అల్జీరియా చేరారు. తీరా ఆ వేళకు మబ్బు కమ్మేసింది. అయినా మానలేదు, మరుసటి ఏడాది గ్రహణానికి మళ్లీ భారతదేశం వచ్చారు. 1907లో కన్నుమూశారు.

మూడు గంటల పరీక్షలో మీ అబ్బాయికో అమ్మాయికో తోచనిది మర్నాడు తోచవచ్చు. ఆ మర్నాడు వాళ్లకు మిగలనివ్వండి. ఈ ఆదివారం మీ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, కుళాయి నుంచి పడే నీటిబొట్టును పిల్లలతో కలిసి వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు సుమారు 4 మిల్లీసెకన్లు. బొట్టు కింద పడటానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో వాళ్లనే లెక్కపెట్టనివ్వండి.