సన్‌రిజుకా రైతు నాయకుడు తొమురా ఇస్సాకు

జపాన్ రాజధాని టోక్యోకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, చిబా రాష్ట్రంలో, సన్‌రిజుకా అనే ఊరుంది. నరిటా అంతర్జాతీయ విమానాశ్రయం కట్టింది ఈ ఊరి చుట్టుపక్కల పొలాల మీదనే. ప్రభుత్వం 1966లో తలపెట్టిన ఆ విమానాశ్రయం తెరవడానికి 1978 దాకా పట్టింది. అన్నేళ్లూ అడ్డంపడి నిలబడిన రైతాంగానికి అధ్యక్షుడుగా ఉన్నవాడు తొమురా ఇస్సాకు. తొమురా అన్నది ఇంటిపేరు. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. మన రైతు సంఘాల క్లాసుల్లో ఈ పేరు పెద్దగా వినపడదు కనుక ఈసారి ఆయన సంగతే చెప్పుకుందాం.

తొమురా 1909లో సన్‌రిజుకాలోనే పుట్టాడు. క్రైస్తవ కుటుంబం. వ్యవసాయ పనిముట్లు అమ్మడం, బాగుచేయడం ఇంటి వృత్తి. ఆయన సేద్యం చేసే రైతు కాదు. కాని ఊళ్లో ఎవరి పార ఎప్పుడు అరిగిందో, ఎవరి మరకు ఏ రోగమొచ్చిందో తెలిసినవాడు. తీరిక దొరికితే బొమ్మలు గీసేవాడు, పాత ఇనుప ముక్కలు అతికి శిల్పాలు చేసేవాడు. యాభై ఏడేళ్ల వయసు దాకా ఆయన బతుకు దుకాణం, ప్రార్థనామందిరం, ఇనుప బొమ్మలు.

ఇక ఆ భూమి సంగతి. సన్‌రిజుకాలో జపాను చక్రవర్తికి పెద్ద పశువుల క్షేత్రం ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ ఓడిపోయాక, 1945 తర్వాత, అందులో కొంతభాగం సాగుకిచ్చారు. మంచూరియా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు, ఒకినావా ద్వీపం నుంచి వచ్చినవాళ్లు, సెంటు భూమి లేని పల్లెల కుర్రవాళ్లు అక్కడికి చేరారు. గుడిసెలేసుకుని, చెట్ల మొద్దులు పెకలించి, వెదురు దుబ్బులు నరికి పొలాలు చేశారు. అగ్నిపర్వతాల బూడిద నేల అది. ఎండి గాలొచ్చిందంటే దుమ్మై లేచిపోతుంది. అందులోనే వేరుశనగ, చిలగడదుంప, పుచ్చ, కూరగాయలు పండించారు. చెమట ఎంత పోస్తే ఆ నేల నిలిచిందో మన బంజర్లు బాగుచేసుకున్న కూలి జనానికి వేరే చెప్పనక్కర లేదు.

1960ల నాటికి టోక్యోలోని హనేడా విమానాశ్రయం చాలడం లేదని ప్రభుత్వం కొత్త స్థలం వెతికింది. 1965 నవంబరులో పక్కనున్న తొమిసాతో పేరు చెప్పింది. అక్కడి రైతులు ఒక్కటై లేచేసరికి వెనక్కి తగ్గి, 1966 జూన్‌లో హఠాత్తుగా సన్‌రిజుకా పేరు బయటపెట్టింది. చక్రవర్తి క్షేత్రం ఎలాగూ సర్కారుదే, మిగతాది పేద రైతులది, తేలిగ్గా వస్తుందని లెక్కవేసింది. జూలై 4న మంత్రివర్గం నిర్ణయం చేసేసింది. సుమారు 1,060 హెక్టార్లు, మన లెక్కలో 2,600 ఎకరాలు పైమాటే. పొలం పోతుందన్న కబురు చాలామంది రైతులకు తెలిసింది వార్తల్లోనే. ఒక్కరినీ అడిగింది లేదు. అంతకు ముందే సర్కారు అధికారులు ఇక్కడి రైతుల చేత పట్టుపరిశ్రమ పథకం కింద మల్బరీ మొక్కలు నాటించారు. అవి ఏపుగా పెరగకముందే ఆ పొలాలమీద విమానాల దారి గీశారు. మాట తప్పడంలో పాలకులకు దేశభేదం లేదు!

సన్‌రిజుకా, షిబయామా గ్రామాల రైతులు కలిసి వ్యతిరేక సమితి పెట్టుకుని తొమురాను అధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. మొదట్లో సోషలిస్టు, కమ్యూనిస్టు పార్టీలు రెండూ అండగా ఉన్నాయి. అర్జీలు, ఊరేగింపులు, సభలు నడిచాయి. ఒక చక్కని ఎత్తు కూడా వేశారు. సేకరించాల్సిన భూమిలో కొంత తీసుకుని గజాల లెక్కన ముక్కలుచేసి వందలాదిమంది పేర రిజిస్టరు చేయించారు. ఒక్కో ముక్క స్వాధీనం చేసుకోవాలంటే ఒక్కో యజమానిని వెతకాలి, ఒక్కొక్కరికీ నోటీసివ్వాలి. చెట్లను సైతం ఇలాగే పంచారు. చట్టంతో పేదవాణ్ణి తిప్పేవాళ్లను అదే చట్టంతో తిప్పడం అన్నమాట.

1967 అక్టోబరు 10న ప్రత్యేక పోలీసు దళాల కాపలాలో సర్వేవాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతారు. ఆ రోజు ప్రవర్తన నచ్చక సమితి కమ్యూనిస్టు పార్టీతో తెగతెంపులు చేసుకుని, వామపక్ష విద్యార్థి దళాలతో చేయి కలిపింది. ఈ చీలిక వల్ల రైతులకు మేలెంత, కీడెంత అన్నది ఇప్పటికీ వాదనే. మా అభిప్రాయంలో సంఘటిత కార్మికవర్గ పార్టీ దూరం కావడం పోరాటానికి లోటే. అయితే ఆ లోటు బాధ్యత అంతా పల్లె రైతులమీద నెట్టేయడమూ న్యాయం కాదు. కర్ర దెబ్బ తినే రోజున పక్కన ఎవరున్నారో వాళ్లే చుట్టాలు.

1968 ఫిబ్రవరి 26న నరిటా పట్టణంలో జరిగిన ప్రదర్శనలో పోలీసులు తొమురా తల పగలగొట్టారు. అరవైకి దగ్గరపడిన మనిషి నెత్తురోడుతూ ఆసుపత్రి పాలయ్యాడు. అప్పటి నుంచి ఆయన మాట మారింది. ఇనుప శిల్పాల మనిషి బిగుసుకున్నాడు. ఇది పొలాల తగాదా మాత్రమే కాదనీ, వియత్నాం యుద్ధానికి పోయే అమెరికా సేనలకు జపాను విమానాశ్రయాలు వాడుతున్నారనీ, రేపు ఇదీ అందుకే వాడతారనీ ఊరూరా చెప్పాడు.

అదే ఏడు ప్రభుత్వం షరతులమీద అమ్ముకునే రైతుల బృందాలతో ఒప్పందం కుదుర్చుకుంది. ఎక్కువ భూమి అలాగే చేజారింది. దీన్ని దాచి రాస్తే లాభం లేదు. అప్పులున్నవాళ్లు, ముసలాళ్లు, పిల్లలు పట్నం వెళ్లిపోయినవాళ్లు డబ్బు తీసుకుని కదిలారు. ఒకే వీధిలో అమ్మినవాళ్లకూ అమ్మనివాళ్లకూ మాటల్లేకుండా పోయాయి. మిగిలినవాళ్లు గట్టివాళ్లు. ఆడవాళ్ల దళం, ముసలివాళ్ల దళం, బడిపిల్లల దళం విడివిడిగా పెట్టుకున్నారు.

1971లో బలవంతపు స్వాధీనం మొదలైంది. రైతులు భూమిలో సొరంగాలు తవ్వి అందులో కాపురమున్నారు. చెట్లకు గొలుసులతో కట్టేసుకున్నారు. పెంటకుండలు సైతం ఆయుధాలయ్యాయి. సెప్టెంబరు 16న తోహో కూడలి దగ్గర ఘర్షణలో ముగ్గురు పోలీసులు చనిపోయారు. ఆ చావులు పోరాటానికి బలం కాలేదు, ఊళ్లమీద అరెస్టుల వాన కురిసింది. నాలుగు రోజులకు, సెప్టెంబరు 20న, ఓకీ యోనే అనే వృద్ధురాలి వంతు. ఆమె ఏడేళ్ల వయసులోనే పరాయి ఇంట బిడ్డనెత్తుకునే పనికి పోయిన నిరుపేద, చదువు లేదు. ఆ రోజు స్వాధీనం ఉండదని గవర్నరు చెప్పాడు. ఆ మాట నమ్మి ఆమె ఇంటిముందు వరి నూరుస్తూ ఉంది. పోలీసులొచ్చి ఆమెను ఎత్తుకుపోయి బయట పడేసి, ఇల్లు నేలమట్టం చేశారు. రెండేళ్ల తర్వాత, 1973లో, ఆమె చనిపోయింది.

తొమురా 1974లో పార్లమెంటు ఎగువసభకు పోటీచేశాడు. రెండు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయిగాని గెలవలేదు. మా దృష్టిలో ఆయన అసలు గెలుపు రైలు కార్మికుల మధ్య వచ్చింది. విమానాలకు ఇంధనం మోసే గొట్టాల లైను పూర్తికాక రైళ్లలో తెప్పించాలని చూస్తే, చిబా రైలు డ్రైవర్ల యూనియన్ ఆ రైళ్లు నడపడానికి ఎదురుతిరిగింది. పొలంలో రైతు, ఇంజనులో కార్మికుడు ఒకే పోరు చేశారు.

రన్‌వే కొసన విమానాలకు అడ్డంగా రైతులు 1972లో నిలబెట్టిన 60 మీటర్ల పైచిలుకు ఇనుప గోపురాన్ని 1977 మేలో కూల్చారు. రెండ్రోజులకు జరిగిన నిరసనలో పోలీసులు కాల్చిన గ్యాసు గుండు తగిలి ఒక యువకుడు బలయ్యాడు. 1978 మార్చి 30న ప్రారంభమన్నారు. మార్చి 26న ఉద్యమకారులు మురుగు కాలువల గుండా లోపలికి పోయి కంట్రోలు టవరెక్కి యంత్రాలు పగలగొట్టారు. ప్రారంభం మే 20కి వాయిదా పడింది. మూడు రన్‌వేలు వేస్తామన్న చోట ఒక్కదానితో, వేలాది పోలీసుల మధ్య, తెరిచారు. తొమురా మరుసటి ఏడు నవంబరులో జబ్బుచేసి కన్నుమూశాడు. ఆయనకు డెబ్బై ఏళ్లు.

ఆయన పోయాక, 1983లో, సమితి రెండుగా చీలింది. 1990లలో చర్చలు జరిగాయి; ఇక బలవంతపు సేకరణ చేయబోమని సర్కారు ఒప్పుకుంది. 1995లో ప్రధాని మురయామా రైతులకు క్షమాపణ చెప్పాడు. కదలని రైతుల ఇళ్లు, పొలాలు అడ్డుండబట్టి రెండో రన్‌వేను 2002లో 2,180 మీటర్లకే తెరవాల్సి వచ్చింది. తర్వాత 2009లో 2,500 మీటర్లకు పొడిగించారు.

విమానాల మధ్యన కూరగాయలు పండిస్తూ వచ్చిన ఒక కుటుంబం సాగుచేసేది తరాలుగా కౌలు భూమి. ఆ భూమిని యజమాని కౌలుదారుకు చెప్పకుండా విమానాశ్రయానికి అమ్మేశాడు. కేసు ఏళ్ల తరబడి నడిచి, కోర్టులు విమానాశ్రయం వైపే తీర్పిచ్చాయి. 2023 ఫిబ్రవరిలో రాత్రిపూట పోలీసులతో వచ్చి ఆ పొలంలో ఉన్న గోపురాన్ని, కట్టడాలను పీకేసి, చుట్టూ కంచె వేసుకున్నారు.