టిండేల్-బిస్కో : కాశ్మీరమున క్రీడావిద్య

మతప్రచారార్థము పరదేశమునకు పోయినవారు తద్దేశీయులకు సన్నిహితులగుటకు తఱచుగా భాషను సాధనముగా గైకొనిరి. శ్రీనగరమునందలి చర్చి మిషనరీ సంఘ పాఠశాలలో ఈ మార్గమును త్రొక్కినవాడు జేమ్స్ హింటన్ నోల్స్. ఆయన కాశ్మీరీ సామెతలను 1885లోను, జానపదకథలను 1888లోను ప్రకటించెను. ఆయన యనంతరము ఆ పాఠశాల భారమును వహించిన సెసిల్ ఎర్ల్ టిండేల్-బిస్కో క్రీడామార్గము నెన్నుకొనెను.

బిస్కో 1863 ఫిబ్రవరి 9వ తేదీన ఆక్స్‌ఫర్డ్ మండలమునందలి హోల్టన్‌లో జన్మించెను. బ్రాడ్‌ఫీల్డ్‌లోను, కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలోను చదివెను. ఆయన పొట్టివాడు, పడవపందెములలో చుక్కాని పట్టుటకు ఆ తేలికదేహమే తోడ్పడెను. 1884లో ఆక్స్‌ఫర్డును గెలిచిన కేంబ్రిడ్జి పడవకు చుక్కాని పట్టినవాడు ఆయనయే. పిమ్మట మతాచార్యదీక్ష పొంది, లండను తూర్పు పేటలలోని పేదల నడుమ కొంతకాలము పనిచేసి, 1890లో కాశ్మీరమునకు వచ్చెను.

అచ్చటి విద్యార్థులలో అధికులు పండిత కుటుంబముల బాలురు. పరీక్షలలో నెగ్గి సర్కారు కొలువు సంపాదించుట వారి లక్ష్యము. శరీరశ్రమ కులగౌరవమునకు భంగకరమని వారి భావన. తెడ్డు వేయుట హాంజీలనబడు పడవవాండ్ర వృత్తి. తోలు ముట్టుట మైల. 1891లో బిస్కో వివాహానంతరము బొంబాయినుండి వచ్చుచు ఒక తోలుబంతిని తెచ్చెను. బాలురు దానిని తాకనొల్లకపోగా, ఉపాధ్యాయులను కఱ్ఱలతో చుట్టును నిలిపి ఆట యాడించెను. బంతి ఒక బాలుని మొగమునకు తగులగా తక్కినవారు నిశ్చేష్టులైరి. వాడు మొగము కడిగికొనిన పిమ్మట ఆట మరల సాగెను.

ఈ ఘట్టమును ఆయన అభిమానులు విజయముగా చెప్పుదురు. ఇందలి బలప్రయోగమును విమర్శకుడు విస్మరింపరాదు. అధికారముగల పరదేశీయుడు బాలుర ఆచారమును త్రోసిపుచ్చి ఆడించిన ఆటను స్నేహమనుట కష్టము. నా అభిప్రాయమున స్నేహమునకు దారితీసినది పడవ. బంతి వెలుపలినుండి వచ్చినది; జీలం నది, దాల్ సరస్సు, హృదయాకారమైన ఆకుగల తెడ్డు కాశ్మీరమునకు సొంతము. తానెఱిగిన విద్యను ఆయన ఆ దేశపు సాధనములతోనే నేర్పెను.

ఈతయందును నిర్బంధము కలదు. నిర్ణీత వయస్సు దాటియు ఈత రానివారికి రుసుము హెచ్చించెను. అయినను ఆ విద్య క్రమముగా సేవగా పరిణమించెను. విద్యార్థులు నీట మునుగువారిని కాపాడిరి, అగ్నిప్రమాదములందు మంటలార్పిరి, వరదలలో చిక్కినవారిని పడవలలో దాటించిరి, విశూచి ప్రబలినప్పుడు వీధులు శుభ్రపఱచిరి. హాంజీల తెడ్డు పండితపుత్రుల చేతి కెక్కి, తుదకు పాఠశాల చిహ్నమున స్థానము పొందెను.

మతాంతరీకరణ దృష్టితో చూచిన ఆయన కృషిఫలము స్వల్పము. శీలనిర్మాణమే ముఖ్యమని ఆయన తలచెను. అయితే 1922లో ప్రకటించిన కాశ్మీర గ్రంథమున దేశీయులయెడ చిన్నచూపు పలుతావుల కనబడును. ప్రేమయు, ఆధిక్యభావమును ఆయనయందు కలిసియే యుండెను. 1947లో కాశ్మీరమును వీడి, 1949లో దక్షిణ రొడీషియాలో మరణించెను. ఆ పాఠశాల నేటికిని ఆయన పేరుతో నడచుచున్నది.

పరభాషాప్రాంతమున బోధించు నావంటివారికి నోల్స్ మార్గము సహజముగా ప్రియమైనది. కాని ఒక జాతి సామెతలను సేకరించుటతో ఆ జాతితోడి పరిచయము ముగియదు. వారి పడవలో కూర్చుండి తెడ్డు వేయుటయు అందొక భాగమే. కఱ్ఱ పట్టి ఆ పని చేయింపరాదనునది బిస్కో జీవితమునుండి మనము గ్రహింపవలసిన రెండవ పాఠము.