అక్షరాలకు దారి వేసిన విద్యాసాగర్

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- ఈశ్వరచంద్ర విద్యాసాగర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలు చెప్పగలుగుతారు.
- మొదటి వాచకంలో ఆయన చేసిన మార్పులను వివరించగలుగుతారు.
- మీ చదువులో ఎదురైన కష్టాలకు కారణాలు ఆలోచించగలుగుతారు.

1. పరిచయం

మీరు అక్షరాలు నేర్చుకున్న రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుణింతాల దగ్గర తడబడి ఉంటారు. ఒత్తుల దగ్గర ఆగిపోయి ఉంటారు. అప్పుడు తప్పు మీదేనని, మీకు చదువు అబ్బదని అనుకున్నారా? చదువు రాకపోతే కారణం ఎప్పుడూ చదివేవారిలోనే ఉండదు. పాఠాన్ని అమర్చిన తీరులో కూడా ఉండవచ్చు.

బెంగాల్‌కు చెందిన ఒక పండితుడు ఈ సంగతి గ్రహించి, 1855లో పిల్లల మొదటి వాచకాన్నే కొత్తగా రాశారు. ఆయనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్. వితంతు వివాహాల కోసం పోరాడిన సంస్కర్తగా ఆయన పేరు మీరు విని ఉంటారు. ఈ పాఠంలో ఆయన చదువు నేర్పిన తీరును తెలుసుకుందాం.

2. మైలురాళ్ల దగ్గర పాఠం

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26న బీర్‌సింగా అనే గ్రామంలో పుట్టాడు. తల్లి భగవతీదేవి, తండ్రి ఠాకూర్‌దాస్. వారిది పేద కుటుంబం. తండ్రి కలకత్తాలో నెలకు 10 రూపాయల జీతానికి పనిచేసేవాడు.

1828లో తండ్రి కొడుకును కలకత్తాకు తీసుకువెళ్లాడు. అప్పుడు పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ప్రయాణం కాలినడకన సాగింది. పెద్ద రోడ్డు ఎక్కగానే పక్కన సన్నికల్లులాంటి రాయి ఒకటి పాతి ఉంది. అదేమిటని పిల్లవాడు అడిగాడు. అది మైలురాయి అని, కలకత్తా ఇంకా 19 మైళ్ల దూరం ఉందని దానిమీద ఇంగ్లీషు అంకెల్లో చెక్కారని తండ్రి చెప్పాడు. పిల్లవాడు ఆ రెండు అంకెలను చేత్తో తడిమి చూశాడు. తర్వాత వచ్చిన ప్రతి రాయి దగ్గరా ఒక కొత్త అంకె నేర్చుకున్నాడు. పదో మైలురాయి చేరేసరికి అంకెలన్నీ వచ్చేశాయి.

తండ్రికి ఒక అనుమానం వచ్చింది. కొడుకు అంకెలను గుర్తుపడుతున్నాడా, లేక వరుసగా వెనక్కి లెక్కపెడుతున్నాడా? అందుకని ఆరో రాయి కనబడకుండా మాటల్లో పెట్టి దాటించి, ఐదో రాయి చూపించాడు. రాయి చెక్కినవాళ్లు పొరపాటు చేశారని, 6 ఉండవలసిన చోట 5 చెక్కారని పిల్లవాడు చెప్పాడు. కొడుకు నిజంగానే నేర్చుకున్నాడని తండ్రికి నమ్మకం కుదిరింది.

ఈ సంఘటనను ఆయన తన స్వీయచరిత్రలో రాసుకున్నారు. ఇక్కడ మీరు ఒక విషయం గమనించండి. అంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒకటి వచ్చాకే మరొకటి ఎదురైంది. ప్రతి అంకెకూ ఒక అర్థం, ఒక అవసరం ఉన్నాయి.

3. అర్థం కాని చదువు

1829లో ఈశ్వరచంద్రుడు కలకత్తా సంస్కృత కళాశాలలో చేరాడు. అక్కడి చదువు మైలురాళ్ల చదువులా లేదు. సంస్కృతం రాని పిల్లలు సంస్కృతంలోనే ఉన్న వ్యాకరణాన్ని కంఠస్థం చేయాలి. అర్థం తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. అయినా ఆయన పట్టుదలతో పన్నెండేళ్లు చదివారు. 1839లో ‘విద్యాసాగర్’ అనే బిరుదు వచ్చింది. 1841లో ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండితుడయ్యారు.

1851లో ఆయన సంస్కృత కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. తాను పడిన కష్టం తన విద్యార్థులు పడకూడదని, సంస్కృత వ్యాకరణాన్ని తేలికైన బెంగాలీలో రాశారు. అంతవరకు బ్రాహ్మణ, వైద్య కులాల వారికే ప్రవేశం ఉన్న ఆ కళాశాలలోకి కాయస్థులను కూడా చేర్చుకున్నారు. 1854లో మరికొన్ని హిందూ కులాలకు అవకాశం వచ్చింది. అయితే అన్ని కులాలకూ ఆ తలుపులు తెరుచుకోలేదు. ఈ లోటును కూడా మనం గుర్తుంచుకోవాలి.

4. వర్ణపరిచయం

1855లో ఆయన ‘వర్ణపరిచయ్’ అనే మొదటి వాచకాన్ని రెండు భాగాలుగా ప్రచురించారు. అందులోని ముఖ్యమైన మార్పులు చూడండి.

మొదటిది, అక్షరమాల. అప్పటి బెంగాలీ అక్షరమాలలో 16 అచ్చులు, 34 హల్లులు ఉండేవి. బెంగాలీలో వాడుక లేని ‘ౠ’, ‘ౡ’ అక్షరాలను ఆయన తీసేశారు. సున్నను, విసర్గను అచ్చుల నుంచి హల్లుల్లోకి మార్చారు. ‘క్ష’ విడి అక్షరం కాదు, ‘క’కు ‘ష’ ఒత్తు చేరితే వచ్చేది కాబట్టి దాన్ని హల్లుల నుంచి తప్పించారు. పలకడంలో తేడా ఉన్న కొన్నింటిని మాత్రం విడి అక్షరాలుగా చేర్చారు. చివరికి 12 అచ్చులు, 40 హల్లులు అయ్యాయి. అంటే అక్షరాల సంఖ్య తగ్గించడం ఆయన ఉద్దేశం కాదు. నోటితో పలికేదానికి, కంటితో చూసేదానికి పొందిక కుదర్చడమే ఉద్దేశం.

రెండవది, వరుస. ముందు అక్షరాలు, తర్వాత గుణింతం అవసరం లేని చిన్న మాటలు, ఆ తర్వాత గుణింతపు గుర్తులు, పిమ్మట చిన్న చిన్న వాక్యాలు. ఒత్తులన్నీ రెండో భాగానికి వదిలారు. ఒక మెట్టు ఎక్కాకే మరో మెట్టు.

మూడవది, ఉపాధ్యాయులకు సూచనలు. పిల్లలు అక్షరం పలికేటప్పుడు దాని ముందు ‘అచ్చు’ అనే మాట చేర్చి వల్లించే అలవాటు ఉండేది. అది మాన్పించి, అక్షరాన్ని మాత్రమే పలికించమన్నారు. ఒత్తుల పాఠంలో మాటను అక్షరాలుగా విడదీయడం మాత్రమే నేర్పమన్నారు. అప్పుడే అర్థాలు కూడా నేర్పబోతే గురువుకూ, శిష్యుడికీ ఇద్దరికీ కష్టమని హెచ్చరించారు. వరుసగా మాటలే చదివితే విసుగు పుడుతుందని మధ్యమధ్య చదువుకునే పాఠాలు పెట్టారు.

ఆ పాఠాలలో నీతి బోధ ఎక్కువని, రెండో భాగంలో సంస్కృత పదాలు బరువుగా ఉన్నాయని అనేవారు ఉన్నారు. అయినా బెంగాలీ పిల్లలు తరతరాలుగా ఈ పుస్తకంతోనే చదువు మొదలుపెట్టారు.

5. బడి లేనివారి కోసం

మంచి వాచకం ఉన్నా బడి లేకపోతే ఏం లాభం? 1855లో ఆయన అదనంగా పాఠశాలల తనిఖీ బాధ్యత చేపట్టారు. నాలుగు జిల్లాల్లో 20 ఆదర్శ పాఠశాలలు తెరిపించారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాల కూడా ప్రారంభించారు.

1857 నవంబరు నుంచి 1858 మే వరకు 35 బాలికల పాఠశాలలు స్థాపించారు. వాటిలో సుమారు 1,300 మంది బాలికలు చేరారు. ప్రభుత్వం సాయం చేస్తుందని ఆయన నమ్మారు. కాని ప్రభుత్వం బడులు నడిపేందుకు సొమ్ము ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పంతుళ్లకు జీతాలు బాకీ పడ్డాయి. ఎన్నో ఉత్తరాలు రాశాక ఆ బాకీ మాత్రం చెల్లించింది. ఆ ఏడాదే ఆయన నెలకు 500 రూపాయలు వచ్చే ఉద్యోగాలకు రాజీనామా చేశారు. చందాలు పోగుచేసి, తన పుస్తకాల మీద వచ్చిన డబ్బు కూడా ఇచ్చి బాలికల బడులను నిలబెట్టడానికి ప్రయత్నించారు.

ఈలోగా ఆయన కృషి ఫలితంగా 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఆ వివాహాల ఖర్చుల కోసం ఆయన అప్పుల పాలయ్యారు. మన ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. ఆయనకు దక్షిణ భారత విద్యాసాగరుడని పేరు వచ్చింది.

చివరి సంవత్సరాలలో విద్యాసాగర్ ఎక్కువ కాలం ఇప్పటి జార్ఖండ్‌లోని కర్మాటార్‌లో, సంతాల్ గిరిజనుల మధ్య గడిపారు. వారికి హోమియో మందులు ఇచ్చారు. బాలికలకు బడి, పెద్దలకు రాత్రి బడి పెట్టారు. 1891 జూలై 29న కలకత్తాలో మరణించారు.

6. గుర్తుంచుకోండి

పగలంతా పనిచేసి రాత్రి పలక పట్టేవారు ఆనాడూ ఉన్నారు. మీరు ఒంటరివారు కారు. పాఠం కష్టమనిపిస్తే పుస్తకం మూసేయకండి. దాన్ని చిన్న ముక్కలు చేసుకోండి. ఒక మైలురాయి దాటాక మరొకటి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తండ్రి ఆరో మైలురాయిని ఎందుకు కనబడకుండా దాటించాడు?
2. ‘క్ష’ను హల్లుల నుంచి ఎందుకు తప్పించారు?
3. బాలికల పాఠశాలలకు వచ్చిన ఇబ్బంది ఏమిటి?
4. మీకు చదవడంలో కష్టంగా తోచిన అంశం ఒకటి రాయండి. దాన్ని మరొకరికి ఏ వరుసలో నేర్పుతారు?