బానిసగా వచ్చి పండుగగా నిలిచిన పాట్రిక్

ప్రతి సంవత్సరం మార్చి 17వ తేదీన ఐర్లండ్ దేశమంతా ఆకుపచ్చ రంగు పులుముకుంటుంది. డబ్లిన్ వీధుల్లో బ్యాండు మేళాలతో, రకరకాల వేషాలతో పెద్ద ఊరేగింపు సాగుతుంది. ఆ రోజు వారికి జాతీయ సెలవు. ఏ రాజు పుట్టినరోజో, ఏ యుద్ధంలో గెలిచిన రోజో అయి ఉంటుందని అనుకుంటాం. కాదు మిత్రులారా! పదహారేళ్ల వయసులో ఆ దేశానికి బానిసగా వచ్చిన ఒక పరాయి దేశపు కుర్రవాడు, తర్వాతి కాలంలో కన్నుమూసిన రోజుగా వారు నమ్మే రోజు అది. ఆయనే సెయింట్ పాట్రిక్.

5వ శతాబ్దంలో జీవించిన పాట్రిక్ బ్రిటన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. తండ్రి కల్పూర్నియస్ చర్చిలో డీకన్. తాత పొటిటస్ మతగురువు. వారి ఇంట్లో దాసదాసీలు కూడా ఉండేవారు. అలాంటి ఇంటి పిల్లవాడిని సముద్రపు దొంగలు వేలమందితోపాటు ఎత్తుకుపోయి ఐర్లండ్‌లో బానిసను చేశారు. ఆరేళ్లపాటు ఆయన మందలు కాశారు. ఒంటినిండా బట్ట లేదు, కడుపునిండా తిండి లేదు. మంచులో, వానలో తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకోవడమే ఆయనకు మిగిలిన ధైర్యం.

ఒక రాత్రి కలలో ఓడ సిద్ధంగా ఉందన్న మాట వినిపించింది. సుమారు 200 మైళ్లు నడిచి రేవు చేరారు. ఓడవాళ్లు ముందు కుదరదన్నారు, తర్వాత పిలిచి ఎక్కించుకున్నారు. కొన్నేళ్లకు ఇల్లు చేరిన కొడుకును ఇక ఎక్కడికీ వెళ్లవద్దని కన్నవారు బతిమాలారు. కానీ ఐర్లండ్ ప్రజలు తనను మళ్లీ రమ్మని పిలుస్తున్నట్లు ఆయనకు మరో కల వచ్చింది. పారిపోయి వచ్చిన దేశానికే బిషప్‌గా తిరిగి వెళ్లారు.

ఆయన రాసిన రెండు లాటిన్ రచనలు నేటికీ ఉన్నాయి. ఒకటి తన జీవితం గురించినది. రెండవది కొరోటికస్ అనే నాయకుడి సైనికులకు రాసిన లేఖ. క్రైస్తవులమని చెప్పుకునే ఆ సైనికులు, అప్పుడే బాప్తిస్మం పొందినవారిపై దాడిచేసి కొందరిని చంపి, మిగిలినవారిని అమ్మేందుకు పట్టుకుపోయారు. వారిని విడిచిపెట్టమని పాట్రిక్ మొదట ఒక ఉత్తరం పంపితే నవ్వి ఊరుకున్నారు. అప్పుడు అందరికీ చదివి వినిపించమంటూ ఈ రెండవ లేఖ రాశారు. బానిస బతుకు తెలిసినవాడి కోపం అందులో కనిపిస్తుంది.

ఇంతటి వ్యక్తి తన చదువు గురించి జీవితాంతం సిగ్గుపడ్డారంటే ఆశ్చర్యం కలుగుతుంది. చదువుకోవలసిన వయసు మందల వెంట గడిచిపోయింది. తోటివారు ఒకే భాషలో ఆటంకం లేకుండా చదువుకుంటే, తాను పరాయి భాష మధ్య పెరిగానని, అందుకే నలుగురూ నవ్వుతారేమోనని చాలాకాలం కలం పట్టలేదని ఆయనే రాసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు నేనే గుర్తొచ్చాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాడిని నేను. పి.జి.లో చేరిన కొత్తలో, నా తెలుగు మీడియం ఇంగ్లీషుకు ఎవరు నవ్వుతారోనని రెండుసార్లు సెమినార్ తప్పించుకున్నాను. పాట్రిక్ మాత్రం చివరకు రాశారు. రాయబట్టే 1500 ఏళ్ల తర్వాత ఆయన కథ మనకు తెలిసింది.

ఆయన ఐర్లండ్ నుంచి పాములను తరిమేశారన్నది కథ మాత్రమే. మంచుయుగం తర్వాత ఆ దీవిలో పాములే లేవు.

ఈ ఊరేగింపు కూడా ఐర్లండ్‌లో పుట్టలేదు. 1601లో ఫ్లోరిడాలోని స్పానిష్ వలసలో, 1762 నుంచి న్యూయార్క్‌లో జరిగింది. 1845-1852 కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోగా, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచి వెళ్లారు. పరాయి గడ్డమీద చిన్నచూపుకు గురైన ఆ వలసజీవులు, మేమూ ఉన్నామని చెప్పుకోవడానికి ఆ రోజు వీధుల్లో నడిచారు. ఐర్లండ్‌లో 1903లో సెలవు వచ్చింది. 1931లో డబ్లిన్‌లో ప్రభుత్వ ఊరేగింపు మొదలైంది. 1996 నుంచి అది పెద్ద ఉత్సవంగా మారింది.

కరీబియన్ సముద్రంలోని మాంట్సెరాట్ దీవిలోనూ ఆ రోజు సెలవే. కానీ కారణం వేరు. 1768 మార్చి 17న, ఐరిష్ యజమానులు పండుగ సంబరాల్లో ఉండగా తిరుగుబాటు చేయాలని అక్కడి ఆఫ్రికన్ బానిసలు తలచారు. రహస్యం బయటపడి నాయకులను ఉరితీశారు. 1985 నుంచి ఆ దీవి వారిని తలచుకుంటూ సెలవు పాటిస్తోంది. బానిసగా బతికిన మనిషి పండుగ రోజునే ఆ యజమానులు మనుషులను బానిసలుగా ఉంచుకున్నారు! పండుగ చేయడం తేలిక, ఎవరి పేరున చేస్తున్నామో గుర్తుంచుకోవడం కష్టం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కష్టం నుంచి బయటపడటం గొప్పే. బయటపడ్డాక వెనక్కి తిరిగి వెళ్లి, అక్కడే మిగిలినవారి కోసం కలం పట్టడం ఇంకా గొప్ప. రేపు ఉద్యోగాలు వచ్చాక మనమూ ఒకసారి ఈ హాస్టల్ గేటు దాటి లోపలికి వద్దాం.