ప్రజల బ్రతుకును తెరకెక్కించిన గూడవల్లి రామబ్రహ్మం

తెలుగు టాకీల తొలి రోజులలో తెర నిండా పురాణ గాథలే ఉండేవి. దేవతలకు, రాజులకు అక్కడ స్థానముండేది గాని, పొలం దున్నే రైతుకు, ఊరి చెరువు నీరు ముట్టరాదన్న కట్టుబాటుకు లోనైన పేదకు చోటు ఉండేది కాదు. వారిని కథానాయకులుగా నిలిపిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం.

ఆయన 1902లో కృష్ణా జిల్లా నందమూరులో జన్మించారు. పుట్టిన ఊరు విడిచి, మనవారెందరివలెనో తమిళసీమకు తరలివచ్చి, మదరాసును తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. ‘ప్రజామిత్ర’ పత్రికకు సంపాదకత్వం వహించి సంస్కరణ భావాలను ప్రచారం చేశారు. అయితే పత్రిక చదువు వచ్చిన వారికే చేరుతుంది. చలనచిత్రం చదువు రానివారికి కూడా అర్థమవుతుంది. ఆయన చిత్రరంగ ప్రవేశం ఈ దృష్టితోనే సార్థకమైంది.

1938లో సారథి ఫిలింస్ పక్షాన ‘మాలపిల్ల’ వెలువడింది. కథ గుడిపాటి వెంకటచలం, మాటలు తాపీ ధర్మారావు, నాయిక కాంచనమాల. అంటరానితనాన్ని సమర్థించే సుందరరామశాస్త్రి ఇంటికి నిప్పంటుకొనగా, ఆయన భార్యను దళితుడే కాపాడతాడు. వాదాలకు లొంగని మనసు ఆ మానవత్వానికి కరుగుతుంది. సనాతనులు నిరసించినా ప్రజలు చిత్రానికి బ్రహ్మరథం పట్టారు. మరుసటి సంవత్సరం, 1939 జూలై 8న, మనకు చేరువలోని మదురై మీనాక్షి ఆలయంలోకి వైద్యనాథ అయ్యర్ నాయకత్వాన దళితులు, నాడార్లు ప్రవేశించారు. ఒక చిత్రమే దానికి కారణమనలేము. కాని రెండింటి వెనుక వీచినది ఒకే కాలపు గాలి.

1939లోనే ‘రైతుబిడ్డ’ వచ్చింది. బళ్ళారి రాఘవ ప్రధాన పాత్రధారి. జమీందారీ వ్యవస్థలో నలిగే రైతు బాధ అందులోని ఇతివృత్తం. సారథి సంస్థకు అండగా నిలిచిన చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ స్వయంగా జమీందారు కావడం విశేషం. ఇతర జమీందారులు మాత్రం సహించలేకపోయారు. చిత్రం నిషేధానికి గురైంది. నష్టం వస్తుందని తెలిసినా చెప్పదలచినది చెప్పడమే రామబ్రహ్మం వ్యక్తిత్వం.

అనంతరం ‘ఇల్లాలు’, ‘పంతులమ్మ’ మొదలైన సాంఘిక చిత్రాలు తీసి, 1946లో, నలుబది నాలుగేళ్ళ వయసులోనే కన్నుమూశారు. 1947లో మదరాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం, 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాయి. ఆ రెండు శుభదినాలను ఆయన చూడలేదు. ఫలం తన కంట పడకపోయినా విత్తు నాటడం మానరాదని ఆ జీవితం మన విద్యార్థులకు బోధిస్తున్నది.