ఆంటనీ జాన్సన్: భూమిపత్రములలో నిలిచిన జీవితము

రాజులకును సేనానులకును చరిత్రకారులు కలరు. సామాన్యునకు కచేరీ గుమాస్తాయే చరిత్రకారుడు. జనాభా పట్టిక, భూమిపట్టా, శిస్తు మాఫీ ఉత్తరువు, కౌలు దస్తావేజు, వీనియందు పడిన రెండు మూడు పంక్తులే అతని జీవితమునకు మిగిలెడి సాక్ష్యము. అట్టి పంక్తుల బలముచేతనే మూడువందల యేబదియేండ్లు గడచిన పిమ్మటను మఱవబడక నిలిచినవాడు, అమెరికాలో ఆంగ్లేయుల వలసరాజ్యమైన వర్జీనియా యందు జీవించిన ఆంటనీ జాన్సన్.

1621వ సంవత్సరమున జేమ్స్ అను ఓడలో వర్జీనియాకు కొనిరాబడిన యొక నల్లజాతివాని పేరు అంటోనియో యని పట్టికలో కలదు. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. జాతి మాత్రము పేరుతోపాటు వ్రాయబడినది. ఆఫ్రికా పశ్చిమతీరమందలి అంగోలా అతని జన్మభూమి యని చరిత్రకారుల తలంపు. బెన్నెట్ కుటుంబమువారి పొగాకు తోటలో అతనిని పనికి నియోగించిరి. 1622 మార్చి 22వ తేదీన, తమ భూములను ఆక్రమించుకొనుచున్న ఆంగ్లేయులపై పౌహటన్ తెగవారు దాడి సల్పిరి. ఆ యొక్క తోటలోనే యేబదిమందికి పైగా హతులైరి. ప్రాణములతో మిగిలిన కొలదిమందిలో అంటోనియో యొకడు.

ఆ యేడే మార్గరెట్ అండ్ జాన్ అను ఓడలో మేరీ యను నల్లజాతి స్త్రీ వచ్చెను. 1625 నాటి జనాభా లెక్కలో వీరిరువురి పేర్లును కానవచ్చును. వీరు దంపతులై నలువురు బిడ్డలను కని, నలువది యేండ్లకు పైబడి కలసి కాపురము చేసిరి. 1650 నాటికి ఆ కుటుంబము స్వతంత్రమైనది. అంటోనియో అను ఒంటిపేరు పోయి, ఆంటనీ జాన్సన్ అను గృహస్థు పత్రములకెక్కెను.

ఆ కాలమున నొకనికి ఓడబాడుగ చెల్లించి వలసరాజ్యమునకు రప్పించినవారికి, తలకు 50 ఎకరముల చొప్పున భూమి నిచ్చు పద్ధతి యుండెను. 1651వ సంవత్సరమున ఐదుగురి లెక్కపై జాన్సన్‌కు 250 ఎకరములకు పట్టా లభించెను. కుమారులు జాన్, రిచర్డులును ఆ ప్రాంతముననే భూములు సంపాదించిరి. 1653లో అగ్నిప్రమాదమువలన ఆ కుటుంబమునకు గొప్ప నష్టము వాటిల్లగా, న్యాయస్థానమువారు జాన్సన్ భార్యకును ఇద్దఱు కుమార్తెలకును జీవితాంతము తలపన్ను మాఫీ చేసిరి. నల్లజాతి స్త్రీలపై మాత్రమే ప్రత్యేకముగా పన్ను విధించిన కాలమది. కావున నీ యుత్తరువు ధనసహాయమే గాక, గౌరవమును గూడ చేకూర్చినది.

అయినను ఈ పత్రములు అతనిని నిర్దోషిగా జూపవు. జాన్ కేసర్ అను నల్లజాతి సేవకుడు తన గడువు తీరినదని వాదించి, పొరుగున నున్న రాబర్ట్ పార్కర్‌ను ఆశ్రయించెను. జాన్సన్ మొదట అతనిని విడిచిపెట్టియు, పిదప మనసు మార్చుకొని వ్యాజ్యము వేసెను. 1655లో తీర్పు జాన్సన్ పక్షమాయెను. కేసర్ యావజ్జీవ దాస్యమునకు మరలింపబడెను. ఖర్చులు పార్కర్‌పై బడెను. ఏ నేరమును చేయనివానిని జీవితాంతము దాసునిగా నెంచిన తొలి తీర్పులలో నిది యొకటి. స్వయముగా బానిసత్వమును చవిచూచినవాడే మఱియొకనికి దానిని స్థిరపఱచుట ఈ కథలోని విషాదము.

1660 తరువాతి దశకమున జాన్సన్ కుటుంబము మేరీలాండ్‌కు తరలి, 300 ఎకరములు కౌలునకు గైకొని సేద్యము సాగించెను. ఇంతలో వర్జీనియాలో చట్టముల స్వభావము మాఱుచుండెను. బిడ్డ దాసుడగునో స్వతంత్రుడగునో తల్లి స్థితిని బట్టి నిర్ణయింపవలెనని 1662లో శాసనమైనది. 1670లో జాన్సన్ మరణించెను. ఆ యేడే వర్జీనియాలో నొక పంచాయతీ సమావేశమై, అతడు నల్లజాతివాడు గనుక పరదేశీయుడనియు, అందుచే అక్కడి అతని భూమిని ప్రభుత్వము వశపఱచుకొనవచ్చుననియు తేల్చెను. దాదాపు నలువది యేండ్లు ఆ నేలపై శ్రమించి, అదే ప్రభుత్వముచేత పట్టా పొందినవాడు, చనిపోయిన పిదప పరదేశీయుడైనాడు.

భర్త పోయిన తరువాత 1672లో మేరీ తన మనుమలకు తలకొక ఆవును వ్రాసియిచ్చెను. 1677లో మనుమడైన జాన్ జాన్సన్ మేరీలాండ్‌లో 44 ఎకరముల క్షేత్రమును కొని, దానికి అంగోలా యని పేరిడెను. తాతను పరదేశీయునిగా జేసిన మాట యొక కచేరీ కాగితములో నుండగా, ఆ తాత పుట్టిన దేశము పేరు మఱియొక కచేరీ కాగితములో భూమి పేరై నిలిచెను.

ఈ కుటుంబపు ఉన్నతిని తెలుపునవియు, పతనమును తెలుపునవియు కచేరీ పత్రములే. పట్టా నిచ్చినదియు, పన్ను మాఫీ చేసినదియు, దాస్యమును స్థిరపఱచినదియు, తుదకు భూమిని హరించినదియు ఒక్కొక్క వ్రాతయే. కాగితముపై వ్రాయు ఒక పంక్తి వెనుక ఒక కుటుంబము బ్రదుకు వ్రేలాడుచుండునని కచేరీలయందు కలము పట్టువారు గుర్తింపదగియున్నది.